టీచర్ అడిగిన ఒక్క ప్రశ్న

మా పాప కొత్త వాచకం వాసన ముక్కుకు తగలగానే మల్కాపురంలో మనం కలిసి చదివిన బడి గుర్తొచ్చింది. అందరం ఒకే పాఠం గట్టిగా వల్లించేవాళ్లం, గుర్తుందా? ఒకటో తరగతిలో చేరేసరికే నాకు చదవడం వచ్చు. విన్నదే వినలేక అటూ ఇటూ కదులుతుంటే రోజూ గోడ దగ్గర నిలబెట్టేవారు. చివరికి బడికి వెళ్లనని మొండికేశాను.

అమ్మ నన్ను లాక్కొచ్చి, కొత్తగా వచ్చిన మేరీ టీచర్‌తో, "ఏటోనండి, ఇది ఒక్క నిమిషం కుదురుగా కూకోదు," అంది.

టీచర్ నాలుగో తరగతి వాచకం ఇచ్చారు. ఒక కథ గడగడా చదివేశాను.

"బాగా చదివావు. మరి కథలో ఆ పిల్ల తన అన్న గాలిపటాన్ని ఎందుకు దాచేసింది?"

పుస్తకంలో ఆ సంగతి రాసి లేదు. వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను, ఇంకోసారి చదివాను. సాయంత్రం గంట కొట్టినా, అమ్మ గేటు దగ్గర పిలుస్తున్నా లేవలేదు. నాకింకా జవాబు దొరకలేదు.