మొలతాడుకు గంట

మా చిన్నదానికి పళ్లెం మారితే ముద్ద దిగదు. పెరుగు కూరను తాకిందంటే ఆ పళ్లెం గోడకు తగలాల్సిందే. బడికి ఒక్కటే దారి. ఆ దారిలో ఎవరైనా ట్రాక్టరు అడ్డం పెడితే ఆ రోజుకు బడి లేనట్టే. ఇన్ని పట్టింపులున్న పిల్ల కుదురుగా కూర్చుంటుందనుకుంటారు. ఎక్కడ! ఆరేళ్లప్పుడు నేను అన్నం కలిపేలోపు గోడ దూకి పోయేది. లేడికి లేచిందే పరుగని వాడకట్టంతా నవ్వేది. నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. మా ఇల్లు కట్టంగూర్‌లో, హైవేకు కూతవేటు దూరంలో.

నల్లగొండలో ఒక డాక్టరు ఏడీహెచ్‌డీ అన్నాడు. ఇంకో డాక్టరమ్మ ఆటిజం అంది. ఒక్క పిల్లకు రెండు పేర్లేమిటని నాకు ఒళ్లు మండింది. ఏదో ఒకటి తేల్చి చెప్పమని డాక్టరమ్మ మీద అరిచాను. ఆమె కోపం తెచ్చుకోలేదు. రెండూ ఒకే పిల్లలో ఉండొచ్చని, ఒకటి అంతా నిన్నటిలాగే ఉండాలంటుందని, ఇంకొకటి నిమిషం నిలవనీయదని, మధ్యలో నలిగేది పిల్లేనని నెమ్మదిగా చెప్పింది. అర్థమైందనుకున్నాను. తలూపి బస్సెక్కాను.

మా అత్తమ్మకు ఈ పేర్లతో పని లేదు. పుట్టినప్పటి నుంచి మేకల మధ్య బతికిన మనిషి. మందలోంచి జారిపోయే మేకకు గంట కడితే ఎటు పోయినా తెలుస్తుంది. అందుకని ఒక మేక మెడలోని గంట విప్పి, చింతపండుతో తోమి, మనవరాలి మొలతాడుకు ముడేసింది. మనవరాలంటే ఆమెకు ప్రాణం. నాకూ ఆ ఉపాయం నచ్చింది. వంట చేస్తూ గంట వింటూ, హమ్మయ్య అనుకునేదాన్ని.

పరుగు తగ్గలేదు సరికదా, పెరిగింది. అంతకుముందు దానికి ఏ దిక్కైనా ఒకటే. ఇప్పుడు నేరుగా హైవేకే. ఎవరో ఒకరు పట్టుకొచ్చి ఇంట్లో దించి, నాకు నాలుగు బుద్ధులు చెప్పి పోయేవారు. దిష్టి తీశాం. మా ఆయన గోడ ఎత్తు పెంచాడు. గోడ పెరిగితే పిల్ల కూడా ఎక్కడం నేర్చింది.

ఒక మధ్యాహ్నం గంట చప్పుడు ఆగిపోయింది. చెప్పుల్లేకుండా ఉరికాను. హైవే అంచున, తెల్లగీత పక్కన కూర్చుని ఉంది. లారీలు దాన్ని ఒరుసుకుంటూ పోతున్నాయి. ఏడవడం లేదు. ఇంట్లో ఎన్నడూ చూడనంత నిమ్మళంగా ఉంది. నడుము చుట్టూ మాత్రం గోళ్లతో గీరుకున్న రక్తం. రెక్క పట్టి ఇటు లాగాను. రోడ్డుకు దూరంగా వచ్చేసరికి గంట మళ్లీ వినబడింది. పిల్ల చెవులు మూసుకుని మళ్లీ లారీల వైపే తిరిగింది.

"గంట నన్ను తరుముతాంది అమ్మా. ఆడ ఇనబడ్తలేదు."

లారీల మోత దానికి బాధ కాదు, ఆ సన్నని గణగణే బాధ. అది వినబడని జాగా మా ఊళ్లో హైవే ఒక్కటే. పోకుండా ఉంటుందని మేం కట్టిన గంటే దాన్ని చావు అంచున కూర్చోబెట్టింది. డాక్టరమ్మ చెప్పిన నలగడం అప్పుడు కళ్లారా చూశాను. ముడి రాలేదు, మొలతాడును పళ్లతో కొరికి తెంపాను. పిల్లను గుండెకు అదుముకుని ఏడుద్దామంటే, ముట్టుకోనివ్వదాయె.

అత్తమ్మకు చెబితే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు ఆగాక మెల్లగా అడిగింది.

"గంట లేకుంటే, అది ఏడ పోయిందో మనకెట్ల ఎరుకైతది బిడ్డా?"

గంట పోయింది గానీ పరుగంతా పోలేదు. కొంత పరుగు దానితోనే పుట్టింది. ఇప్పుడు దానికి పన్నెండేళ్లు. ఇల్లు సద్దుమణిగితే ఏ తల్లయినా కాస్త నడుము వాలుస్తుంది. నేను లేచి రోడ్డు వైపు పరుగెడతాను.