మొంబాసాలో అమ్మవారి కన్ను

పోయిన నెల ఒక పొద్దున నంద్యాల బస్టాండులో టీ తాగుతుంటే ఆళ్లగడ్డ నుంచి పెద్దమ్మ ఫోను చేసింది. "మీ పెద్దనాయన పలకడం ల్యా రా. బేగా రా," అని పెట్టేసింది. ఆమె ఏ మాటనూ సాగదీయదు. గ్లాసు అక్కడే పెట్టి కదులుతున్న బస్సు ఎక్కాను. నేను పోయేసరికి ఆయనను వసారాలో పడుకోబెట్టారు. తలవెంట్రుకల్లో రాతిదుమ్ము అట్లనే ఉంది. ముందురోజు సాయంత్రం దాకా పని చేశాడట. ఏళ్ల తరబడి పీల్చిన ఆ దుమ్మే ఊపిరితిత్తులను తినేస్తున్నదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆయన వింటేగా.

మధ్యాహ్నానికి వీధి మొదట్లో ఫ్లెక్సీ లేచింది, 'మహాశిల్పికి అశ్రునివాళి' అని. అందులో పెద్దనాయన ఫోటో అరచేయంత. కట్టించిన కాంట్రాక్టరు ఫోటో మాత్రం నిలువెత్తు, చేతులు జోడించి. విగ్రహాల ఆర్డర్లు తెచ్చి శిల్పులకు పని పంచేది ఈ పెద్దమనిషే. మొన్నటిదాకా 'జారే చెయ్యి' అని ఊరంతా చెప్పుకున్న చెయ్యి, పోయిన పూటే మహాశిల్పి చెయ్యి అయిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంటతోనే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయాలంటారు. రాస్తాను. కానీ ముందు ఆ చెయ్యి సంగతి తేలాలి.

పెద్దనాయన అంటే మా నాయనకు అన్న. ఆళ్లగడ్డకు బస్సులో పోయినవాళ్లకు తెలుసు, రోడ్డు పక్కన సగం చెక్కిన దేవుళ్లూ, పూర్తిగా చెక్కిన నాయకులూ వరుసగా నిలబడి ఉంటారు. ఆ వరుసలో చివరి రేకుల షెడ్డు ఆయనది. టీ సాసర్లో పోసుకుని తాగేవాడు. చెక్కేటప్పుడు లేచిన దుమ్మును నోటితో ఊదేవాడు. బ్రష్షు కొనిస్తే దాంతో చెప్పులు దులుపుకున్నాడు. మొండి రాయి దొరికితే దాన్ని గదమాయించేవాడు. "ఏందీ, నాతో పంతమా? కూర్చో నెమ్మదిగా," అని రాతికి చెప్పి, సుత్తి కింద పెట్టి, వక్క నమిలి, మళ్లీ మొదలుపెట్టేవాడు.

ఆయన పని తెలియనివాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి. విగ్రహం అంతా పూర్తయినా కంట్లో నల్లగుడ్డు మాత్రం చెక్కరు. విగ్రహం గుడికి చేరినాక, చుట్టూ తెర కట్టి, చెక్కిన శిల్పే ఆఖరున కన్ను తెరవాలి. తెరిచిన కంటికి మొదట అద్దం చూపిస్తారు. ఆ రోజు పెద్దనాయన పచ్చినీళ్లు ముట్టేవాడు కాదు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. "కండ్లు తెరిసేదాకా అది రాయి, తెరిసినాక అమ్మ. మధ్యలో ఉండేటోడు ఒళ్లు దగ్గర పెట్టుకోవల్ల," అనేవాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన తెరిచిన కళ్లు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు. నల్లమల అంచు గూడేలవాళ్లు కూడా కొండదేవతకు కళ్లు పెట్టించుకోవడానికి ఆయన కోసమే వచ్చేవాళ్లు.

నంద్యాల ఇంకా జిల్లా కాని రోజుల్లో మొంబాసా నుంచి ఆర్డరు వచ్చింది. అది తూర్పు ఆఫ్రికాలో సముద్రపు ఒడ్డున ఉన్న పాత రేవు పట్టణం. తరతరాలుగా అక్కడ వ్యాపారం చేసుకుంటున్న గుజరాతీలూ, పనులకు పోయిన మన దక్షిణాదివాళ్లూ కలిసి లక్ష్మీ అమ్మవారికి చిన్న గుడి కట్టుకున్నారు. విగ్రహం పెద్దనాయన చెక్కాడు, ఓడలో పోయింది. కన్ను తెరవడానికి ఆయన విమానంలో పోవాలి. నంద్యాలలో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవాణ్ని కాబట్టి తోడుకు నన్ను రమ్మన్నాడు. కాంట్రాక్టరు ఎట్లాగూ వస్తాడు. ఉలులు చేతిసంచిలోనే ఉండాలని పెద్దనాయన విమానాశ్రయంలో పేచీ పెట్టుకున్నాడు. "మంగలాయప్ప కత్తి ఇంటికాడ పెట్టి గడ్డం గీయను పోతాడా?" అని ఆ పోలీసును తెలుగులో నిలదీస్తుంటే నేను తల పట్టుకున్నాను. చివరికి అవి సామాన్ల పెట్టెలోనే పోయాయి.

ఆ ఊరు ఆయనకు నచ్చింది. పాతబస్తీలో ఇద్దరు ఎదురెదురు వస్తే ఒకరు గోడకు ఒదగాల్సినంత సన్నని సందులు. గోడలు సముద్రంలోంచి తీసిన పగడపు రాయి, పైన సున్నం. వేళ్లతో కొట్టి చూసి, "మెత్తని రాయి, ఉలికి ఆగదు," అని వదిలేశాడు. తలుపుల దగ్గర మాత్రం ఆగిపోయాడు. ఆ పాత ఇళ్ల తలుపులన్నీ చెక్కుడు పనే. గొలుసులు, తీగలు, ఇత్తడి గుబ్బలు, నడిమధ్యన తామరపువ్వు. "మన గుమ్మాల మీద పువ్వు ఈడికి ఎట్లొచ్చెరా?" అని వేలితో దాని రేకులన్నీ తడుముకుంటూ నిలబడ్డాడు. ఆ ఇంటావిడ బయటికొచ్చి నవ్వి, "కరిబూ," అంది. రమ్మని పిలవడం అట. ఈయన చేతులు జోడించి, "మీ తలుపు బాగుందమ్మా," అన్నాడు. ఇద్దరికీ అర్థమైంది, నా ఇంగ్లీషుతో పని పడలేదు. రేవులో తెరచాప పడవలు చూసి, "ఇంత దూరం గాలి మీద వచ్చినారంటే ఆ కాలమోళ్లకు గుండెలు యాడివో," అన్నాడు. ఆయన అంత సంబరపడడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత చూసే యోగం లేకపోయింది.

మేము దిగింది గుడికి స్థలమిచ్చిన గుజరాతీ పెద్దాయన ఇంట్లో. ఎనభై దాటిన మనిషి, మందపాటి కళ్లద్దాలు, నడవడానికి చేతికర్ర. మా పళ్లెంలో రొట్టెలు తనే దగ్గరుండి వేయించేవాడు. తియ్యటి పప్పు మాకు దిగడం లేదని కనిపెట్టి, వంటావిడతో ఎండుమిరపకాయల కారం నూరించాడు. పెద్దనాయన దానికి కరిగిపోయాడు. "మా అన్న లెక్క చూస్తాండాడు," అనేవాడు.

కన్ను తెరిచే పొద్దున తెర లోపల నలుగురమే ఉన్నాం. పెద్దనాయన, నేను, కాంట్రాక్టరు, ఆ పెద్దాయన. అద్దం నా చేతిలో ఉంది. ఎడమ కన్ను అయింది. కుడి కంటికి గుండ్రంగా గీత పడింది, ఇక ఒక్క దెబ్బ మిగిలింది. అప్పుడు పెద్దాయన ఏడుస్తూ రెండు చేతులూ చాచాడు. తాతముత్తాతల నుంచి ఈ ఒడ్డున బతికామని, అమ్మవారికి గుడి కట్టాలని తండ్రి అనుకుంటూనే పోయాడని, ఆ ఒక్క దెబ్బ తనను కొట్టనివ్వమని ఇంగ్లీషులో అడిగాడు. నేను తెలుగులో చెప్పాను. "వద్దను పెద్దనాయనా," అని కూడా చెప్పాను. ఆయన నా వైపు చూడలేదు. ఉప్పు తిన్న ఇంటి మనిషి, అంత వయసాయన, చేతులు చాచి ఏడుస్తున్నాడు. ఆళ్లగడ్డవాడు కాదనగలడా? పెద్దనాయన ఉలీ సుత్తీ ఆ పెద్దాయనకు ఇచ్చి, ఉలి పట్టిన చెయ్యి కింద తన చెయ్యి ఆనించాడు. సుత్తి పడింది. పెద్దాయన చెయ్యి వణికింది. ఉలి పక్కకు పోయి, కింది రెప్ప అంచు గోరంత పెచ్చు లేచింది.

ఆ కళ్లద్దాల మనిషికి అది కనపడలేదు. "అయిందా? అమ్మ చూసిందా?" అని మురిసిపోతూ అడుగుతున్నాడు. పెద్దనాయన ఉలి వెనక్కి తీసుకుని, కన్ను సరిచేస్తున్నట్టు తనొక ఉత్తుత్తి దెబ్బ కొట్టాడు. అమ్మవారి కంటి మీద అరచెయ్యి మూసి, ఆ పొద్దంతా పట్టిన మౌనం విడిచి ఒకే మాట అన్నాడు. "నా చెయ్యి జారింది."

కాంట్రాక్టరు అంతా చూశాడు. నా పక్కనే నిలబడి చూశాడు. గొంతు సవరించుకుని, తెర తొలగించి అందరికంటే ముందు బయటికి పోయి, "మావాడి చెయ్యి జారింది, క్షమించాలి, వేరే విగ్రహం పంపిస్తా," అని చెప్పాడు. స్థలమిచ్చిన ఆసామితో వైరం దేనికి, శిల్పిదేముంది, ఒకడు పోతే ఇంకొకడు, అదీ ఆ కాంట్రాక్టరు లెక్క. నా నోట్లో మాట నోట్లోనే ఉండగా పెద్దనాయన నా జబ్బ పట్టి నొక్కాడు.

భిన్నమైన విగ్రహాన్ని పూజకు పెట్టరు. మరుసటి రోజు తెరచాప పడవ మాట్లాడి సముద్రంలో కలపడానికి తీసుకుపోయారు. తాళ్లు పెద్దనాయనే కట్టాడు. జారిన చేతివాడు మళ్లీ ముట్టుకోవడమేమిటని ఒడ్డున ఎవరో గుజరాతీలో గొణిగారు, పక్కనున్నాయన నాకు ఇంగ్లీషులో చెప్పాడు. భాష రాకపోయినా పెద్దనాయనకు అర్థమైంది. అమ్మవారు నీళ్లలోకి దిగిపోయినాక పడవ అంచున కూర్చుని అన్నాడు.

"ఒరే అబ్బీ, ఈ మాట యాడా అనగాకు. నా మీద ఒట్టు."

"తప్పు నీది కాదు గదా పెద్దనాయనా!"

"ఉలి ఇచ్చింది ఎవురు? నేనే గదా. అడిగినాయప్పది ఆశ. ఇచ్చినోనిది తప్పు. ఆ పెద్దాయప్ప ఇంగ ఎన్నాళ్లుంటాడు, అమ్మ కన్ను నేనే పొడిస్తి అని ఏడ్సుకుంటా పోవల్లనా?"

"మరి నీ సంగతి?"

"నాకేమైతాది? ఊరంతా నా పని చూసినోళ్లే."

ఏమైందో చెబుతాను. మేము ఆళ్లగడ్డ చేరకముందే మాట చేరింది. చెయ్యి పట్టు తప్పిందట, వయసు మీద పడిందట, విమానమెక్కి పోయి పరువు తీశాడట. ఆయన పని కళ్లారా చూసిన ఊరే ఆ మాట నమ్మింది. విగ్రహాలు ఆగిపోయాయి. రోళ్లు, సన్నికల్లులు, సమాధుల మీద పేర్ల పలకలు, ఇవే ఆయన షెడ్డుకు వచ్చిన పనులు. మొంబాసాకు కొత్త విగ్రహం కాంట్రాక్టరు వేరేవాళ్లతో చేయించి పంపాడు, ఆ దారిన ఇంకా చాలా ఆర్డర్లు తెచ్చుకున్నాడు. మొంబాసాలో ఆ గుజరాతీ పెద్దాయన మాత్రం సుఖంగా పోయాడట. చేయి జారిన శిల్పిని ఏమీ అనవద్దని పోయేముందు అందరికీ చెప్పాడట. 

ఒకసారి గోస్పాడు దిక్కు నుంచి పల్లెవాళ్లు వచ్చారు. నేను ఆ రోజు షెడ్డులోనే ఉన్నాను. తమ గ్రామదేవత విగ్రహం కావాలన్నారు. అంతా మాట్లాడుకున్నాక వాళ్లలో ఒకాయన నసుగుతూ, "ఒళ్లంతా నువ్వే చెయ్యప్పా. కండ్లు మాత్రం వేరే ఆయన్ని పిలుస్తాం. ఏమనుకోగాకు," అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. పెద్దనాయన, "అట్లే కానీండప్పా," అన్నాడు. వాళ్లు పోయినాక నేను నోరు పారేసుకున్నాను. సిగ్గు లేదా నీకు అని కూడా అన్నాను. ఆయన సాసర్లో టీ ఊదుకుంటూ, "ఏందిరా నీ బాధ? అమ్మకు కండ్లు కావల్ల. ఎవురు తెరిస్తే ఏందీ?" అన్నాడు. ఆ విగ్రహం చేస్తున్నన్ని రోజులూ దాని ముఖానికి తడిగుడ్డ కప్పే ఉంచాడట. కన్ను తెరిచే రోజు షెడ్డు మూసి ఎక్కడికో పోయి, చీకటి పడ్డాక వచ్చాడట.

ఆయన మంచివాడే. ఆ మంచితనం మీద నాకిప్పటికీ కోపమే. నాకు చదువు మీద గౌరవం నేర్పింది, ఫీజు కట్టలేని ఏడాది మా నాయనకు చెప్పకుండా కట్టింది, మనిషిని అరవకుండా గెలవచ్చని చూపింది ఆయనే. కానీ ఒక అబద్ధాన్ని తన మీద వేసుకుని, ఏమీ తెలియని ఇంట్లోవాళ్ల చేత కూడా దాన్ని మోయించాడు. ఆ హక్కు ఆయనకు ఎవరిచ్చారు? పెద్దమ్మ గట్టి మనిషి, తెలిస్తే కాంట్రాక్టరు గుమ్మం ముందు నిలబడి కడిగి పారేస్తుందని ఆమెకూ చెప్పలేదు. ఇప్పుడు ఆయన లేడు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. ఆయన చెయ్యి ఒక్కనాడూ జారలేదు. కాంట్రాక్టరుకు అది తెలుసు. కాదంటే వచ్చి నా ఎదుట నిలబడి అనమనండి.

దినాలు అయిన మధ్యాహ్నం చుట్టాలంతా వెళ్లిపోయాక, మొదట పెద్దమ్మకే చెప్పాను. వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. మొంబాసా తెర లోపల జరిగింది, పడవలో ఒట్టు, అంతా చెప్పాను. ఆమె లేచి కాంట్రాక్టరు ఇంటి మీదికి పోతుందనుకున్నాను. పోలేదు. 

"ఆఫ్రికా నుంచి వచ్చినప్పటి నుంచి దినామూ పొద్దుగూకితే ఆయన చేతికి వాయిలాకు నూనె కాచి రుద్దుతాంటిరా," అంది. "నరం బలం వస్తాదని. మళ్ల కండ్లు తెరిసేకి పిలుస్తారని. పోయే ముందుదినం గూడా రుద్దితి."

నేను వెళ్లి ఆమె పక్కన కింద కూర్చున్నాను.

"నొప్పి తగ్గిందా అంటే, తగ్గుతాంది అనేవాడు. చెయ్యి చాపి ఊరికే కూర్చునేవాడు." ఆమె తన రెండు అరచేతులూ ఒళ్లో తెరిచి పెట్టుకుని చూసుకుంది. ఏళ్ల తరబడి పట్టిన నూనె మరక పసుపు రంగుగా వేళ్ల సందుల్లో ఇంకా ఉంది. "ఏమీ కాని చేతికారా నాయనా, నేను ఇన్నాళ్లు రుద్దింది?"