రెండు వంటిళ్ల నడుమ మెట్ల మీద

రెండు వంటిళ్లున్న ఇంట్ల నిన్న మధ్యాహ్నం నాకు బుక్కెడు అన్నం దొరకలేదు! నవ్వకున్రి, చాయ్ తాగుకుంట వినున్రి.

మొఘల్‌పురాల మా ఇల్లు మీకెరుకే. కింద పెద్దకొడుకు సంసారం, పైన చిన్నోనిది. నేను పదిహేను రోజులు కింద తింట, పదిహేను రోజులు పైన; నా ట్రంకుపెట్టె గూడ నాతోనే మారుతది. కోడళ్లకు ఆరు నెలల సంది మాటల్లేవు గని, గిన్నెలు మాత్రం నడుస్తున్నయి. మోసేది నేను! "నేను చేపల పులుసు పంపితె నీళ్లపప్పు పంపిందా?" అని పెద్దది. "నా స్టీలు గిన్నె ఏది?" అని చిన్నది. ఒకటే లొల్లి.

నేను బ్యాంకుల అకౌంటెంటుగ రిటైరైనోన్ని. మా బ్యాంకు మీద ఒక పెద్ద కంపెనీ, దాని కింద ఇంకో రెండు చిన్న కంపెనీలు ఉండె. అర్ధ సంవత్సరానికి అందరి లెక్కలు కలిపి ఒక్కటిగ చూపాలె. మనల మనం ఇచ్చుకున్నది అప్పుడు లెక్కలకెళ్లి కొట్టెయ్యాలె. ఈ జేబుకెళ్లి ఆ జేబుకు పోయింది సంపాదన గాదు గద! మా చీఫ్ అకౌంటెంటు ఇది చెప్పినప్పుడల్లా కోటు జేబులు బయటికి లాగి చూపిస్తుండె. ఒకసారి అందులకెళ్లి సగం కొరికిన సమోసా రాలింది... సరే, అది వేరే కథ.

శనివారం కోడళ్లిద్దరినీ మెట్ల మీద కూసోబెట్టిన. "ఇయ్యాల్టి సంది మనింటికీ లెక్కల పాలసీ! కింద నుంచి పైకి, పై నుంచి కిందికి పోయేదంత కొట్టివేత. ఏదైనా చేరినంకనే రాసుకోవాలె. అర్ధ సంవత్సరం దాక పాలసీ మారద్దు." ఇద్దరూ తలలూపిన్రు. నాకైతె ఛైర్మన్ అయినట్టనిపించింది.

నిన్న ఆదివారం. నేను పైకి మారే రోజు. పొద్దుగాలనే పైన మటన్ వాసన! కళ్లద్దాల రిపేరుకని పత్తర్‌గట్టి పోయిన. దుకాణమాయన "పాంచ్ మినట్, చాచా" అని గంటన్నర కూసోబెట్టిండు. కడుపుల ఎలుకలు.

ఇంటికొచ్చేసరికి పెద్దకోడలు సుజాత గిన్నెలు కడిగేసింది.

"మీ వంతు నిన్నటితోని అయిపాయె మామా. నా లెక్కలకెళ్లి తీసేసిన."

మోకాళ్లు పట్టుకోని పైకెక్కిన. చిన్నకోడలు విజయ గుమ్మంలనే నిలబడ్డది.

"మీ ట్రంకుపెట్టె ఇంకా కిందనే ఉన్నది గద మామా. మీరు చేరలె. చేరినంకనే రాసుకొమ్మంటిరి."

"మరి నేనిప్పుడు ఎక్కడున్నట్టే?"

"మెట్ల మీద."

మళ్ల కిందికి, మళ్ల పైకి. పాలసీ మారుస్తనన్న. "అర్ధ సంవత్సరం నడుమల ఎట్ల మారుస్తరు మామా?" అన్నది కిందికెళ్లి సుజాత! అది కూడ నేను చెప్పిందే. కోపంతోని ఇరానీ హోటల్‌కు పోయిన. ఒక్క బన్ను మిగిలింది. అది చాయ్‌ల ముంచుకోని తిన్న.

తిరిగొచ్చి చూస్తె ఏముంది! అవే మెట్ల మీద కోడళ్లిద్దరూ ఒక్క పళ్లెంల మటన్ తినుకుంట, పడి పడి నవ్వుతున్నరు. "ఇంకో బొక్క ఎయ్యి విజయా" అని సుజాత. ఆరు నెలలకు మొదటి మాట అదే!

"జర జరుగున్రి, కూసుంట" అన్న.

"పళ్లెం ఖాళీ మామా" అన్నరు, ఇద్దరూ ఒక్కసారే.

లెక్కలు కలిసినయి. కొట్టివేతల పోయింది నేనొక్కన్నే!