తుపాకీ గురిపెట్టి అన్నం సంగతి

విచియన్ బాబాయికి ఒకటే జబ్బు. తెర మీద ఎంతటి హంతకుడైనా సరే, తుపాకీ పేల్చేముందు ఎదుటివాణ్ణి "అన్నం తిన్నావా?" అని అడగాల్సిందే.

ఆ రోజుల్లో మా ఉబోన్ ఊళ్లోని సినిమా హాలుకు వచ్చే బొమ్మలకు థాయ్ మాటలు ఉండేవి కావు. పైగదిలో మైకు ముందు కూర్చుని హీరో, హీరోయిన్, ముసలమ్మ, ఆఖరికి కుక్కకు కూడా బాబాయే గొంతిచ్చేవాడు. పక్కన ప్రొజెక్టరు తిప్పేది నేను. కుక్కను కుక్కలాగే మొరగనిచ్చేవాడు కానీ, విలన్‌ను మాత్రం విలన్‌గా ఉండనిచ్చేవాడు కాదు. బ్యాంకు దోచినవాడికి ఇంట్లో మంచంపట్టిన తల్లి ఉండేది. పీక కోసినవాడు కత్తి తుడుచుకుంటూ, "వీడికి ఈత నేర్పింది నేనే" అని ముక్కు చీదేవాడు. ఇప్పుడు సినిమాలు మాటలతో సహా వస్తున్నాయి. విలన్లు ఎవరినీ ఏమీ అడక్కుండానే కాల్చేస్తున్నారు. నాకేమో చూడబుద్ధి కాదు.

హాలు యజమాని హెంగ్‌కు ఒళ్లు మండేది. ఒకరోజు బాబాయిని పిలిచి నిలదీశాడు.

"విలన్ చస్తే జనం చప్పట్లు కొట్టాలయ్యా. నీ దెబ్బకు కళ్లు తుడుచుకుంటున్నారు."

"చచ్చేవాడికి ఆ మాత్రం మర్యాద ఉండొద్దా, అయ్యగారూ?"

"ఇవాళ మధ్యాహ్నం ఆటలో అన్నం మాటెత్తావో, రేపట్నుంచి రానక్కర్లేదు."

ఆ ఆటకే బున్‌తోం వచ్చాడు. దారిదోపిడీ కేసులో శిక్ష అనుభవించి, ఈమధ్యే ఊళ్లోకి తిరిగొచ్చినవాడు. పని ఇచ్చినవాళ్లు లేరు, పలకరించినవాళ్లు లేరు. చివరి వరసలో కూర్చోగానే చుట్టూ కుర్చీలు ఖాళీ అయిపోయాయి. బాబాయి అదంతా పైనుంచి చూశాడు.

"ఉద్యోగం జాగ్రత్త బాబాయ్" అన్నాను.

తలూపాడు. బుద్ధిగా "చంపేస్తా, నరికేస్తా" అంటూ లాక్కొచ్చాడు. జనం కుర్చీల్లో ఇబ్బందిగా కదిలారు. చివర్లో ముఠా నాయకుడు తుపాకీ ఎత్తాడు. తెర మీద వాడి పెదాలు కదిలాయి కానీ, బాబాయి నోట మాట రాలేదు.

"అడుగు విచియన్ అన్నా, అడుగు" అని కిందనుంచి ఎవరో అరిచారు.

బాబాయి అడిగేశాడు. హాలు గొల్లుమంది. బున్‌తోం కూడా నవ్వాడు.

"పోయింది ఉద్యోగం" అన్నాను.

"పోనీరా. ఊరికి హాలు ఒకటే, జైలునుంచి వచ్చేవాడికి ఊరూ ఒకటే. అందుకే ఇన్నేళ్లుగా వీళ్ల చెవులకు ఆ మాట అలవాటు చేస్తున్నాను."

ఆట వదిలారు. హాలు ముందు నూడుల్స్ బండి దాటి బున్‌తోం తలవంచుకుని వెళ్లిపోతున్నాడు. బండి లమ్‌దువన్ పిన్ని గరిటె ఆపింది.

"ఏరా, తిన్నావా?"

వాడు నిలబడిపోయాడు. "లేదు పిన్నీ."

"మరి చూస్తావేం, కూర్చో."

బల్ల మీదివాళ్లు కొంచెం జరిగారు.

బాబాయిని పంపించేద్దామని మెట్ల కింద కాచుకున్న హెంగ్ ఇదంతా చూశాడు. బాబాయి దిగి రాగానే గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు తిన్నావా?"

"లేదు అయ్యగారూ."

"వెళ్లి తిని తగలడు. సాయంత్రం ఆటకు గొంతు ఎండిపోకూడదు."