రెండో బర్రె దగ్గరికి వచ్చిన తాతయ్య

నా చిన్నప్పుడు జరిగింది ఇది. పాలచెంబు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి ముక్కా నిజం.

మేముండే జహనుమా బస్తీలో మాకు రెండు బర్రెలుండేవి. ఇల్లు గడిచేది వాటి పాలతోనే. ఆ ఏడు పక్కింటివాళ్ళ బర్రెలన్నిటికీ పొదుగువాపు అంటుకుంది. పాలు పిండే చేతుల నుంచే అంటుకుందని అందరూ అనుకున్నారు.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. దోమల కోసం వేసిన వేపాకు పొగ కొట్టమంతా కమ్మేసింది. మా తాతయ్య మొదటి బర్రె పాలు పిండి, లేచి, గేటు దాటి వెళ్ళిపోయాడు. బయట నల్లా కింద చేతులు కడుగుతున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి పొగలోంచి తాతయ్యే వచ్చాడు. భుజాన వేరే తువ్వాలు, చేతిలో వేరే చెంబు. నావైపు చూశాడు. ఆ చూపులో నేను లేను.

"ఎవరు బిడ్డా నువ్వు?"

నా ఒళ్ళు జల్లుమంది. ఎందుకంటే మొదటి తాతయ్య ఇంకా మొదటి బర్రె దగ్గరే, నావైపు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు.

నేను బావురుమన్నాక గానీ వచ్చిన తాతయ్య నవ్వలేదు. "పోయినోడు వేరే, వచ్చినోడు వేరే. ఆని చేతికంటింది నా చేతికి రావద్దు. గిట్ల అనుకుంటెనే రెండు బర్రెలు బతుకుతయ్."

మొన్న మా అమ్మకు రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయి. రెండూ ఒకేరోజు తీసేద్దామంది డాక్టరమ్మ. చీము పడితే రెండు కళ్ళూ ఒక్కసారే పోతాయి కదా!

"ఒకటైనంక ఇంకోటి ఎట్ల చేస్తరు మేడం?" అన్నాను.

"రెండో కన్ను కొత్త పేషెంట్‌ది అనుకుంటం. గ్లౌజులు, సామాన్లు, మందులు అన్నీ వేరే. మొదటి కంట్ల ఏమన్న తేడా కొడితే రెండోది ఆరోజు ముట్టం. చీము పట్టుడు చాలా తక్కువ. అసలే రాదని మాత్రం చెప్పను."

"గట్లయితే చెయ్యిమను," అంది అమ్మ. "రెండుసార్లు భయపడుడు నాతోని గాదు."

ఆపరేషనైన మర్నాడు కట్లు విప్పగానే నన్ను తేరిపార చూసి, "నీ గడ్డం గింత తెల్లగ ఎప్పుడైందిరా?" అంది.

ఇప్పుడు చుక్కల మందు వేసేది నేనే. కుడికంట్లో వేసి, గుమ్మం దాటి, చేతులు కడుక్కుని, ఎడమకంటి సీసాతో మళ్ళీ లోపలికి వస్తాను. తాతయ్య నుంచి నాకు మిగిలింది ఆ నడకే. వచ్చిన ప్రతిసారీ అమ్మ ఆ తేటకళ్ళతో నావైపు చూస్తుంది. నవ్వదు.

"ఎవరు బిడ్డా నువ్వు?"

ఒప్పుకుంటున్నాను, మొదటి తాతయ్య అక్కడే కూర్చుని ఉన్నాడన్నది నా కల్పన. కానీ తాతయ్య అడిగిన ఆ మాట గురించి అమ్మకు నేనెప్పుడూ చెప్పలేదు. అది మాత్రం నిజం.