మాత్ర మీద గ్లాసెడు టీ

ఆమెకి పేరు లేక కాదు. బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే మూడొందలమంది ఆడవాళ్లూ ఆమెని టీ అత్త అనే పిలిచేవారు. క్యాంటీన్ పొయ్యి దగ్గర ఇరవై రెండేళ్లు నిలబడింది. చిక్కటి డికాక్షన్, నాలుక చురుక్కుమనే టీ. "నా టీ తాగినవాళ్లు ఇంకో టీ పేరెత్తరు" అని తనే గొప్పలు పోయేది. పోనివ్వండి, అందులో అబద్ధమేమీ లేదు.

కోడలూ అక్కడే చొక్కాలకి కాలర్లు కుట్టేది. దానికి అయిదో నెల వచ్చేసరికి ఒంట్లో రక్తం తక్కువగా ఉందన్నారు ఆస్పత్రివాళ్లు. కవరు నిండా ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి, "రోజుకొకటి" అని ఆ తర్వాతి మనిషిని కేకేశారు. బయట వరసలో నలభై మంది. వాళ్లు మాత్రం ఏం చేస్తారు!

పొద్దున్నే మింగితే వాంతులు. పోనీ పని మధ్యలో వేసుకుందామంటే నీళ్లు తాగాలి, తాగితే బాత్రూంకి లేవాలి. షిఫ్టులో రెండుసార్లకి మించి లేస్తే సూపర్‌వైజరు గుడ్లురిమేవాడు. కడుపుతో ఉన్న పిల్లని లెక్కపెట్టి లేవనిచ్చేవాడి నోట్లో మన్నుపడ! మాత్రలు మానేస్తానంది కోడలు.

"మానేస్తే ఊరుకుంటానా? పదకొండు గంటల టీతో నా కళ్లెదుటే మింగు."

"వెగటుగా ఉంది అత్తమ్మా."

"అందుకేగా చక్కెర ఎక్కువేశా. మింగు, నా తల్లివి కదూ."

టీతో మింగితే వాంతి కాలేదు. టీ అత్త పొంగిపోయింది. నాలుగు నెలలు, సెలవు రోజుల్లో కూడా, ఒక్క మాత్ర తప్పనివ్వలేదు. కన్నకూతురికైనా అంత చేసేది కాదేమో. తొమ్మిదో నెలలో పిల్ల రెండు మెట్లెక్కితే ఆయాసపడేది. నెలలు నిండాయి కదా, అంతేలే అనుకున్నారు.

ఆడపిల్ల మధ్యాహ్నం పుట్టింది. రక్తం ఆగలేదు. పొద్దు వాలేలోగా తల్లి పోయింది.

ఆస్పత్రి వరండాలో నర్సు కాగితం నింపుతూ అడిగింది, మాత్రలు వాడిందా అని.

"ఒక్క రోజూ మానలేదమ్మా. నేనే టీతో మింగించా."

నర్సు రాయడం ఆపేసింది. "టీతోనా? టీ తాగితే ఆ మందు ఒంటికి సరిగా పట్టదమ్మా. ఎవరూ చెప్పలేదా?" అంది. ఆమె ముఖం చూసి భయపడి, అదొక్కటే కారణం కాదని ఏదో సర్దబోయింది. టీ అత్త చెవికి ఆ మాటలేవీ ఎక్కలేదు.

వారం గడిచింది. కొడుకు పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. దుఃఖానికి ఎవరో ఒకరు దొరకాలి కదా, ఆ పోయినదాని మీదకే మళ్లింది.

"మొండిఘటం! మాత్రలు ఎక్కడో పారేసి ఉంటుంది. వేసుకుంటే రక్తం ఎందుకు పట్టదు? మన గొంతు కోసి పోయింది."

నోరు మూసుకుంటే సరిపోయేది. పోయినది లేచొచ్చి కాదంటుందా? వీడొక్కడే కదా తనకి మిగిలింది, వీడూ దూరమైతే! అయినా ఆ బంగారుతల్లి మీద నింద పడుతుంటే టీ అత్త చూస్తూ ఊరుకోలేకపోయింది.

"దాన్ని అనకురా. అన్నీ వేసుకుంది. రోజూ నేనే టీతో మింగించా. టీతో వేసుకుంటే పట్టదట. నాకు తెలీదురా నాయనా."

కొడుకు తలొంచుకుని పసిదాని మీద గుడ్డ సర్దాడు.

"నీకు మాత్రం ఏం తెలుసమ్మా," అన్నాడు మెల్లిగా.

అంతలో పసిది గుక్కపట్టి ఏడ్చింది. టీ అత్త చేతులు చాచింది. అతను పిల్లని గుండెకి హత్తుకుని, లేచి పక్క గదిలోకి వెళ్లిపోయాడు.