రోజంతా బోణీ

చిక్కడపల్లిలో మా అమ్మది గాజుల కొట్టు. పొద్దున వచ్చే మొదటి గిరాకీని ఖాళీ చేతులతో పంపకూడదన్నది మా వీధి కట్టుబాటు. ఆ ఒక్క బేరంలో ఎంత తగ్గినా తప్పు లేదు. బోణీ అయ్యాక మాత్రం అమ్మ పైసా తగ్గేది కాదు. గీసి గీసి బేరమాడడంలో ఆవిడనే మించిపోయానని నా గర్వం. నేను వస్తున్నానంటే కూరగాయల బండివాడు పక్క సందులోకి తిప్పేసేవాడు.

తొంభైల నడుమ ఒక ఏడాది అమ్మ సాయంత్రం కూడా బోణీ అనడం మొదలుపెట్టింది.

"కాదనకు అక్కా, బోణీ బేరం. జర తగ్గిస్తలే."

"దీపాలు పెట్టే యాళ్లయింది, ఇంకా బోణీ ఏందమ్మా?" అని నవ్వుతూనే ఆడవాళ్ళు ఇంకో డజను తీసుకునేవాళ్ళు.

"మీ అమ్మ ఉస్తాద్! గిరాకంత గుంజుకుంటున్నది," అన్నాడు పక్కన స్టీలు సామాన్లు అమ్మే అన్న.

"మరేమనుకున్నవ్ అన్నా, మా అమ్మ గదా!" అన్నాను.

పొద్దున ఎవరికి గాజులు తొడిగావమ్మా అని ఒక్కసారి అడిగి ఉంటే తెలిసేది. వ్యాపారం మనుషులం, కొత్త ఎత్తు అనుకుని మురిసిపోయాం. ఒకనాడు కొట్టు కట్టేసి అశోక్‌నగర్‌లో ఇంటికి నడుస్తుంటే అమ్మ దారిలో ఆగిపోయింది. "వాపస్ పోదాం పా, ఇంకా బోణీ కాలే," అంది. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

నారాయణగూడలో డాక్టరుగారు స్కాన్ ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించారు.

"కొత్త సంగతులు దాచుకునే భాగం ఇదమ్మా. ముందు ఇదే కుంచించుకుపోతోంది. అందుకే పొద్దుటి బేరం సాయంత్రానికి ఉండదు. ఎప్పుడో నేర్చిన అలవాటు మాత్రం ఇంకా ఉంది." మెదడు కణాల మధ్య ఏళ్ళ తరబడి ఒక రకం ప్రోటీను పేరుకుంటుందని, మరుపు బయటపడేది చాలా తర్వాతేనని, ఆ పేరుకున్నది ఈ ఫిల్ములో కనబడదని కూడా చెప్పారు.

నేను బేరానికి దిగాను. "మరీ అంత తగ్గినట్టు లేదు కదండీ?"

"ఇంతకన్నా కుంచించుకున్నా బాగానే ఉండేవాళ్ళున్నారు, ఇంత కుంచించుకోకున్నా ఇబ్బంది పడేవాళ్ళున్నారు. ఫిల్ముతో మనిషిని కొలవలేం."

"అయితే నన్ను మర్చిపోదన్నమాట."

"ఆ మాట నేననలేదు. పోయిన కణాలు తిరిగి రావు. గుర్తున్నప్పుడే కూర్చుని మాట్లాడుకోండి."

ఆయన చెప్పిన దాంట్లో నాకు నచ్చిన సగమే తీసుకుని ఇంటికొచ్చాను. మాట్లాడుకోవడానికి ఇంకా చాలా టైముందని లెక్కేసుకున్నాను. అంత పెద్ద బేరంలో లెక్క తప్పడం నా జన్మలో అదొక్కసారే.

కొట్టు పూర్తిగా మూసేశాక ఒక గాజుల పెట్టె అమ్మ దగ్గరే ఉంచాం. ఒక పొద్దున చాయ్ తీసుకెళ్తే నా చెయ్యి పట్టుకుంది.

"కూసో అక్కా. బోణీ బేరం."

అమ్మ నన్ను ఎప్పుడూ అక్కా అనలేదు. కొట్టుకొచ్చే గిరాకీలనే అలా పిలిచేది. నా ముఖం వైపు చూడకుండానే వేళ్ళ కణుపులు మెల్లగా నొక్కి, వెతుక్కోకుండా సరిగ్గా నా సైజు గాజులే తీసింది. ధర చెప్పింది.

"ఇంకా తగ్గించు," అన్నాను.

తగ్గించింది.

"ఇంకా."

"గిట్లయితే ఎట్ల అక్కా, బోణీ గదా అని అడిగిందల్ల ఇస్తనా?" అని కోప్పడింది, కానీ చెయ్యి వదల్లేదు. ధర కుదిరితే గాజులు తొడిగి వదిలేస్తుంది. అందుకే ఆ పొద్దున నేను ఏ ధరకూ ఒప్పుకోలేదు.